గరుడ కాసులకు నేను కట్టిన వెల

ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు అటక మీది సామానంతా దించాల్సి వచ్చింది. ఆ ట్రంకు పెట్టె మాత్రం నేనే దించుకొంటానని రెండు తూర్లు చెప్పినాను. నా కూతురు కావ్యకు వద్దన్న పనే ముద్దు. నేను వంటింట్లో ఉండగానే దించింది, తెరిచింది, నా కాలేజీ నోటు పుస్తకాల కింద నుంచి పసుపుగుడ్డ మూట ఒకటి తీసి, "అమ్మా, ఇదేందే, ఇంత బరువుంది?" అని కేక పెట్టింది. నేను చేతులు తుడుచుకొని వచ్చేలోపల మూట విప్పేసింది. అరచేతిలో సగం పట్టేంత కాసు. ఒక పక్క ఆడమనిషి తల, ఇంకో పక్క రెక్కలు విప్పిన పక్షి. మాడిన పెనం మాదిరి నల్లగా ఉంది. అది అమెరికా వెండి డాలరని కావ్య ఫోన్లో చూసి తనే నాకు చెప్పింది. ఫోటో తీసి, పాత నాణేలు కొనేవాళ్ళకు ఎవరికో పంపించింది. మధ్యాహ్నానికంతా జవాబొచ్చింది. ముఖం అరిగిందంట, అయినా ఫరవాలేదంట. రుద్దొద్దంట, కడగొద్దంట. ఏండ్ల తరబడి చెయ్యి తగలకుండా ఉంటేనే అట్లాంటి నలుపు వస్తుందంట, ఆ నలుపుకే వెండి ధర మీద నాలుగింతలు ఇస్తారంట. కావ్యకు ఆనందం పట్టలేదు. "ఎంత జాగ్రత్తగా దాచినావమ్మా!" అనింది.

నేను పెరట్లోకి పోయి నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నాను. మొహం మండిపోతా ఉంది. జాగ్రత్తంట, జాగ్రత్త! దాచింది నిజమే. ఇరవై ఎనిమిదేండ్లుగా ఆ మూట విప్పలేదంటే దాని మొహం చూసే ధైర్యం లేక. నేనొక అబద్ధం చెప్పిన రోజు నుంచి ఆ కాసు నల్లబడతా వచ్చింది. ఆ నలుపుకు కూడా ఒకడు వెల కడతాడని నాకు తెలియదు. ఇన్ని కథలు రాసినాను, ఇంతమంది తప్పులు ఎత్తి చూపించినాను, ఈ ఒక్క సంగతి దగ్గరికొచ్చేసరికి నా కలం ఎప్పుడూ పక్క దోవ పట్టింది. ఇప్పుడన్నా రాస్తాను.

మా నాయనది కెలమంగలంలో వెండంగడి. అంగడి అంటే పెద్దగా అనుకోవద్దండి. రోడ్డు మీదికి ఒక మెట్టు, మెట్టెక్కితే ఒక చాప, చాప వెనక చెక్క పెట్టె, పెట్టె మీద గాజు గూటిలో చిన్న తక్కెడ. లోపల చీకటి గదిలో కుంపటి. పొద్దున పోతే కుంకుడుకాయ నురగ వాసన, ఎండెక్కితే బొగ్గు వాసన, పట్టుగూళ్ళ బేరం జరిగే రోజయితే వీధి వీధంతా పురుగుల వాసన మా అంగట్లోకే వచ్చి కూర్చునేది. నాయన తక్కెడ ముట్టుకొనే ముందు వేళ్ళు కండ్లకద్దుకొనేవాడు. ఖాళీ తట్టను చిటికెన వేలితో ఒక తట్టు తట్టి, అది ఊగి ఊగి నిలబడేదాకా మాట్లాడేవాడు కాదు. ఎవరన్నా గడియ సేపట్లో ధర చెప్పమంటే ఆయనకు యాడలేని కోపం వచ్చేది. ఇంకోటి, నాయన నోట్లో "ఇంత వస్తుంది" అనే మాటే నేను వినలేదు. "ఇంత రావచ్చు అక్కా" అనేవాడు. ఆ "రావచ్చు" నాకు చేతకానివాళ్ళ మాటగా వినిపించేది. ఈయనకు ఇన్నేండ్ల అనుభవం ఎందుకు, నికరంగా ఒక్క మాట చెప్పలేడా అని లోపల్లోపల విసుక్కొనేదాన్ని. అప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. హోసూరు కాలేజీలో బీకాం చదువుతా, సాయంత్రాలు అంగట్లో తూకం వేస్తా, మా వీధిలో ఇంగ్లీషు పేపరు చదివే ఒకే ఒక ఆడపిల్లనని తెగ మిడిసిపడతా ఉండేదాన్ని.

మునెమ్మవ్వ ప్రతి సంతకూ మా ఇంటికి వెన్న తెచ్చేది. ఉద్దనపల్లి నుంచి మట్టిరోడ్డులో రెండు మైళ్ళు పోతే వాళ్ళ పల్లె. గొర్రెల మంద, బావి కింద కొంచెం నేల. ముంతలో నీళ్ళు, నీళ్ళలో తేలే వెన్న ముద్ద, పైన ముత్తుగాకు. ఆమె వస్తే గొర్రెల వాసన, ఆకువక్క వాసన కలిసి ఆమె కన్నా ముందే గడప దాటి వచ్చేవి. చాప మీద కూర్చోమని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా మెట్టు మీదే కూర్చునేది. వెన్న అంతా ఇచ్చినాక, ఆకుకు అంటుకొన్నది గోటితో గీకి, "పాపా, చెయ్యి చాపు" అని నా అరచేతిలో పూసేది. చిన్నప్పుడు నాక్కొనేదాన్ని. కాలేజీకి పోయినాక, "వద్దవ్వా, నూనె నూనెగా ఉంటుంది" అని చెయ్యి వెనక్కి తీసుకొనేదాన్ని. ఆమె నవ్వేసి ఆ వెన్న తన మోకాళ్ళకు రుద్దుకొనేది.

వాళ్ళింట్లో ఐదు గరుడ కాసులు ఉండేవి. యుద్ధకాలంలో మునెమ్మవ్వ మామ బెంగుళూరు దండుకు గొర్రెలు తోలుకొని పోతే, ఆడ ఒక అమెరికా సిపాయి ఇచ్చిన కాసులంట అవి. డాలరు అని వాళ్ళకెట్ల తెలుస్తుంది? వెనక పక్క రెక్కలు విప్పిన గద్ద కనిపించింది. తిరుపతి కొండ దేవుని ఇంటివాళ్ళు కదా, గరుడాళ్వారే నడుచుకొంటా ఇంటికొచ్చినాడని పనసచెక్క పెట్టెలో పెట్టి మొక్కినారు. ప్రతి శనివారం చింతపండు, బూడిద వేసి తళతళలాడేట్ల రుద్ది, పసుపు పెట్టేవాళ్ళు. తిరుపతి దేవునికి మొక్కే పెరటాసి నెల శనివారాల్లో ఆ కాసులు ముంచిన నీళ్ళు మంద మీద చల్లితే గొర్రెలకు జబ్బు రాదని నమ్మకం. పుట్టిన బిడ్డ నాలిక మీద కూడా ఒక చుక్క వేసేవాళ్ళు. ఆ కాసులకు ఒకే ఒక కట్టుబాటు ఉండేది. తక్కెడలో వేయకూడదు. ఎందుకవ్వా అని నేనొకసారి అడిగితే మునెమ్మవ్వ ఆకు నములుతా చెప్పింది. "తూచినామంటే ఇంతే అని తేలిపోతుంది గదా పాపా. ఇంతే అని తేలినాక దేనికి మొక్కేది?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆ ఏడాది బెంగుళూరులో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికిన ఒక పుస్తకం కొన్నాను. అమెరికా నాణేల ధరల పుస్తకం. అట్ట చినిగిపోయింది గానీ లోపల పుటలన్నీ ఉన్నాయి. ప్రతి కాసుకూ ఎదురుగా ఆరేడు వరసల్లో ధరలు. ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పెరుగుతా పోతాయి. కామర్సు చదివే పిల్లను కదా, అవి ఏడాదికేడాది పెరిగిన ధరలు, కడాఖరి వరస ఇప్పటి ధర అని తేల్చేసినాను. నిజానికి కాసు ఎంత అరిగింది అనేదాన్ని బట్టి ఆ వరసలు. కడాఖరిది మనిషి చెయ్యే తగలని కొత్త కాసు ధర. పుట నెత్తిన చిన్న అక్షరాల్లో అంతా రాసే ఉంది. నేను నెత్తిన చూడలేదు. అంకెలు చూసినాను, డాలర్లను రూపాయలు చేసుకొన్నాను, చేసుకొని మురిసిపోయినాను.

మునెమ్మవ్వ ఇద్దరు కొడుకులు వేరు పడే రోజు వచ్చింది. పెద్దాయన వెంకటప్ప హోసూరు సిప్‌కాట్‌లో కంపెనీ పనికి పోతా, ఆడే ఇల్లు కట్టుకోవాలని ఆశపడతా ఉన్నాడు. చిన్నాయన నారాయణప్ప గొర్రెలు చూసుకొనేవాడు, ఆయన పెండ్లాం గంగమ్మ. ఇంట్లో కడియాలు, మొలతాళ్ళు, పట్టీలు రెండు భాగాలు చేయాలి. వెండి తూకానికి మా నాయననే పిలిచినారు, ఆ పల్లెలో ఎవరు వేరు పడినా ఆయనే పోయేవాడు. ఆ వారమే నాయన కంటికి ఆపరేషన్ అయ్యింది, పచ్చగుడ్డ కట్టుకొని మంచం మీద ఉన్నాడు. "వసంతా, నువ్వు పోయిరా. తూకం వరకే మన పని. దేవుని పెట్టె తెరిచినారంటే తక్కెడ ఎత్తి సంచిలో పెట్టేయ్. తెలిసిందా?" అన్నాడు. తెలిసిందన్నాను. తక్కెడతో పాటు ఆ పుస్తకం కూడా సంచిలో పెట్టుకొని పోయినాను.

అరుగు మీద ఊరి పెద్దలు నలుగురు కూర్చున్నారు. నేను తూకం వేసినాను, రాసినాను, అందరూ "శెట్టి కూతురు తండ్రికి తగ్గది" అన్నారు. ఆ మాటకు నా తల ఇంకొంచెం పైకి లేచింది. పని అయిపోయింది. అప్పుడు మునెమ్మవ్వ పనసచెక్క పెట్టె తెచ్చి, భాగాలు సుఖంగా అయినందుకు అందరూ మొక్కుకోండి అని తెరిచింది. వెంకటప్పే అన్నాడు, "దీని మాట లేదప్పా. అమ్మ ఉన్నంత కాలం అమ్మ దగ్గరే." గొడవే లేదు. అందరూ దండం పెట్టుకొని లేచే గడియ. నాయన చెప్పిన ప్రకారం నేను తక్కెడ సంచిలో పెట్టేసి ఉంటే ఈ కథే లేదు.

"అవ్వా, ఒక్క కాసు ఇట్లియ్యి, చూసి ఇస్తాను" అన్నాను. ఆమె కండ్లకద్దుకొంటాననుకొని రెండు చేతులతో ఇచ్చింది. పుస్తకంలో రాసిన బరువు ఉందో లేదో చూడాలని నాకు ఒకటే దురద. కాసు తీసి తట్టలో వేసినాను. తక్కెడ గభాలున దిగింది. మునెమ్మవ్వ "అయ్యో పాపా!" అనింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకొనింది. నాకు వినపడింది. వినపడినా ఆగలేదు. మిగతా నాలుగూ తీసి తూచినాను. సరిగ్గా పుస్తకంలో ఉన్న బరువే! నా సంతోషం చూడాల మీరు. పుస్తకం తెరిచి, అందరికీ వినపడేట్ల చదివినాను. ఇవి అమెరికా డాలర్లు, నాలుగు కాసులు ఒక్కొక్కటి నాలుగు వేలు. ఐదోదాని మీద గద్ద తోక కింద చిన్న అక్షరం ఒకటుంది. సంవత్సరంలో చివరి అంకె అరిగిపోయి మూడో ఎనిమిదో తెలియకుండా ఉంది. ఎనిమిదయితే మామూలు కాసు, మూడయితే లోకంలో దొరకని కాసు. నేను ఎండకు పెట్టి చూసి, మూడు అన్నాను. మూడే కావాలని నాకు ఉన్నింది. "దీనికి రెండు లక్షలు వస్తుంది" అన్నాను. రావచ్చు అనలేదు. వస్తుంది అన్నాను.

వెంకటప్ప మొహం మారిపోవడం నేను కండ్లారా చూసినాను. "రెండు లక్షలు పెట్టెలో పెట్టుకొని పసుపు పూస్తా ఉంటావా అమ్మా? హోసూరులో సైటు వస్తుంది గదా" అన్నాడు. నారాయణప్ప లేచి, "దేవుణ్ణి అమ్మి సైటు కొంటావా? సిగ్గు లేదా నీకు?" అన్నాడు. "తక్కెడెక్కించినాక ఇంకేం దేవుడు?" అని వెంకటప్ప. మాట మాట పెరిగి అన్నదమ్ములు చొక్కాలు పట్టుకొన్నారు. పెద్దలు విడిపించినారు. అంతసేపూ మునెమ్మవ్వ నా పక్కనే నిలబడి ఉంది. ఒక్క తిట్టు తిట్టలేదు. చివరకు ఖాళీ పెట్టె మూసి, కాసులు పెద్ద కొడుకు చేతిలో పెట్టి, "తీసుకొని పోప్పా. తేలిపోయింది గదా" అనింది. నేను బస్సులో వచ్చేటప్పుడు కూడా, నిజం చెప్పినందుకు లోకం ఇట్లే కొట్టుకొంటుందని నాకు నేనే సర్ది చెప్పుకొన్నాను. అంత బుద్ధిహీనురాలిని.

బెంగుళూరులో నాణేల వ్యాపారి భూతద్దం పెట్టి చూసి నవ్వినాడంట. మూడు కాదు, ఎనిమిది. అన్నీ మామూలు కాసులే. పైగా ఏండ్ల తరబడి చింతపండుతో, బూడిదతో రుద్ది రుద్ది ఆ ఆడమనిషి ముక్కు, గద్ద రొమ్ము అన్నీ చదునైపోయినాయి. "మీ అమ్మ రుద్దకుండా ఉంటే ఏదో వచ్చేది, ఇప్పుడు వెండి ధరే" అన్నాడంట. వెంకటప్ప ఆ మాట మోసుకొనొచ్చి తల్లి మొహాన చెప్పినాడు. పూజ చేసి చేసి వెల పోగొట్టిందని! ఆమె చేసిన మొక్కునే నా లెక్క నేరంగా తిప్పింది. కాసులు తిరిగి పెట్టెలో పెట్టుకోమంటే మునెమ్మవ్వ ఒప్పుకోలేదు. చివరకు వెంకటప్ప వాటిని మా అంగట్లోనే తూకానికి అమ్మేసి పోయినాడు. నాయన ఒంటి కంటితో తూచి, ఒక్కొక్కదానికి నూటడెబ్బై చొప్పున ఇచ్చినాడు. అన్న ఇయ్యబోయిన సగం డబ్బును తమ్ముడు ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి రెండిండ్లకూ మాటలు తగ్గినాయి.

నాయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాతి సంతకు మునెమ్మవ్వ వెన్న తీసుకొని ఎప్పటి మాదిరే వచ్చింది. నేను లోపలి గదిలో దాక్కొన్నాను. నాయన ఆమె ముందర చేతులు జోడించి, "అక్కా, తప్పయిపోయింది. దీనికి పరిహారం ఏమన్నా ఉంటే చెప్పు" అన్నాడు. ఆమె వెన్న ముంత కింద పెట్టింది. "తూచిన చెయ్యే తెచ్చి ఇయ్యాలప్పా. తల స్నానం చేసి, పసుపుగుడ్డలో కట్టి, తప్పయిందని తనే నా చేతిలో పెట్టాల. ఒక్కటి చాలు. పాప చేత్తో ఇస్తే మళ్ళా పెట్టెలో పెట్టుకొంటాను" అనింది. నాలుగు కాసులు అప్పటికే కుంపట్లో కరిగిపోయినాయి. ఐదోదాన్ని, నేను రెండు లక్షలన్న దాన్ని, నాయన కరగేయలేదు. దాన్నే నాకిచ్చి, పెరటాసి మొదటి శనివారం ఉద్దనపల్లికి పొమ్మన్నాడు. ముందే పల్లెకు చెప్పి పంపించినాడు కూడా.

తల స్నానం చేసినాను. పసుపుగుడ్డలో కట్టుకొన్నాను. బస్సెక్కినాను. ఉద్దనపల్లి వచ్చేదాకా, ఎట్ల చెప్పాల, ఏమని చెప్పాల అనే ఆలోచనే. బీకాం చదివేదాన్ని, గొర్రెల ముసలామె కాళ్ళ ముందర, ఆ పల్లె అంతా చూస్తా ఉంటే, నాకు లెక్క రాలేదని ఒప్పుకోవాలా? బస్సు నిలబడింది. కిటికీలో నుంచి చూస్తే మునెమ్మవ్వ ఆడే, స్టాపింగులో, ఎండలో నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకొని, నుదుట నామం పెట్టుకొని, రెండు మైళ్ళు నడిచి నాకోసం వచ్చింది. చేతిలో తమలపాకులు, చిన్న పళ్ళెం. నేను సీట్లో వంగి, చెప్పు సర్దుకొన్నట్ల తల దించుకొన్నాను. కండక్టరు విజిల్ వేసినాడు. నేను దిగలేదు. రాయకోట దాకా పోయి, ఆడ రెండు గంటలు కూర్చొని, వేరే బస్సులో కిటికీ లేని పక్క కూర్చొని తిరిగొచ్చినాను. ఆమె నన్ను చూడలేదని నాకు నేనే చెప్పుకొన్నాను.

నాయన గుమ్మంలోనే అడిగినాడు. "ఇచ్చినావా?" ఇచ్చినానన్నాను. "ఏమనింది?" "సంతోషపడింది" అన్నాను. నాయన ఆ రాత్రి కడుపు నిండా తిన్నాడు. మూట నా ట్రంకు పెట్టెలోకి పోయింది. వచ్చే శనివారం పోయి ఇచ్చేస్తే అబద్ధం నిజమైపోతుంది కదా అనుకొన్నాను. ఆ శనివారం కాలేజీ, తర్వాతి శనివారం తలనొప్పి. ఆపైన సంతలో ఒకరోజు నాయనకు మునెమ్మవ్వ ఎదురుపడింది. నాయన ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా దగ్గరికొచ్చి తల నిమిరినాడు. "మునెక్క చెప్పింది. బస్సు దిగి రెండు చేతులతో ఇచ్చినావంట, కాళ్ళకు మొక్కినావంట. కాసు పెట్టెలో పెట్టుకొని పూజ చేస్తా ఉందంట. నువ్వు నాకు కాళ్ళకు మొక్కిన సంగతి చెప్పనే లేదే తల్లీ" అన్నాడు. కాసు అప్పుడు నా మంచం కిందే ఉంది. ఆమె బస్సులో నన్ను చూసింది. చూసి కూడా, నా మానం కాపాడేదానికి, నా అబద్ధానికి తన అబద్ధం కలిపింది. అప్పుడన్నా పోవాల కదా? పోలేదు. ఆమె చెప్పేసింది కాబట్టి ఇంక పోతే ఆమెను కూడా అబద్ధాలకోరును చేసినట్లు అని ఒక సాకు దొరికింది. సాకులు దొరకడంలో నేను ఎప్పుడూ పేదరాలిని కాదు. ఆ తర్వాత ఆమె వెన్న తెచ్చినప్పుడు కూడా ఏమీ అడగలేదు. ఒకే ఒక తూరి, నేనే అరచెయ్యి చాపినాను. ఆమె ఆకు గీకి వెన్న పూసింది. నాక్కొన్నాను.

నాకు పెండ్లయ్యింది, కృష్ణగిరిలో ఇస్కూలు ఉద్యోగమొచ్చింది, కథలు రాసి పేరు తెచ్చుకొన్నాను. నాయన పోయినాడు. ఆ మరుసటి ఏడాది మునెమ్మవ్వ కూడా పోయిందని పది రోజులు ఆలస్యంగా తెలిసింది, నేను పోలేదు. కెలమంగలంలో మా అంగడి ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికించే కొట్టు. వెండి తూకానికి గాజు గూటి తక్కెడ లేదు, వేలు పెడితే అంకె చూపించే మిషను ఉంది, దాని ముందర ఎవరూ ఊపిరి బిగపట్టి కూర్చోరు. నా కూతురు ఇంట్లో కూర్చొని అర పూటలో కాసుకు వెల కట్టించింది, ఆ వెల నిజమే అయ్యుంటుంది. ఆ రోజు నా దగ్గర అట్లాంటి ఫోను ఉండి ఉంటే నా లెక్క తప్పి ఉండేది కాదు అని ఒక నిమిషం అనుకొన్నాను. అనుకొని నాకే చీదర పుట్టింది. లెక్క తప్పింది కాబట్టి సిగ్గుపడతా ఉన్నాననుకొంటూ వచ్చినానే ఇన్నేండ్లూ! లెక్క సరిపోయి ఉంటే? అప్పుడు కూడా ఆ ముసలామె పెట్టె ఖాళీయే కదా.

కావ్యను వద్దని, ఒక్కదాన్నే మునెమ్మవ్వ పల్లెకు పోయినాను. ముందు రోజు చింతపండు, బూడిద వేసి కాసు రుద్దినాను. కావ్య లబోదిబోమనింది, "అమ్మా, ధరంతా పాడు చేస్తావుండావు!" అని. రుద్దేకొద్దీ నలుపు పోయి అరిగిన గద్ద తేలింది. ఉద్దనపల్లిలో దిగి, ఆమె నిలబడిన చోటు తొక్కకుండా పక్కనుంచి నడిచి, ఆటో పట్టుకొని పల్లెకు పోయినాను. నారాయణప్ప పెండ్లాం గంగక్క తల నెరిసి ఉంది, వాకిట్లో మేకపిల్లకు పాలు పట్టిస్తా ఉంది. గుర్తు పట్టి, "శెట్టప్ప కూతురా? యాడి నుంచమ్మా వస్తావుండావు, కూర్చో" అని చాప వేసింది. నారాయణన్న పోయి మూడేండ్లయ్యిందంట. నేను చాప మీద కాకుండా మెట్టు మీద కూర్చొని, మూట విప్పి ఆమె ముందర పెట్టినాను.

ఆమె ముట్టుకోలేదు. "ఇది నీకెట్ల దొరికింది?" అని చాలా మెల్లగా అడిగింది.

చెప్పినాను. బస్సు, కిటికీ, వంగిన తల, నాయనకు చెప్పిన అబద్ధం, అన్నీ. చెప్తా ఉంటే ఆమె మొహంలో కోపం వస్తుందని కాచుకొని ఉన్నాను. కోపం రాలేదు. ఆమె మేకపిల్లను పక్కకు విడిచిపెట్టింది.

"మా అత్త శనివారం శనివారం తలుపేసుకొని పూజ చేసేది. పెట్టె మాకు చూపించేది కాదు. పాప ఇచ్చిన కాసు, ఎవురూ ముట్టుకోవద్దు అనేది. పదేండ్లు చేసింది. అంటే ఖాళీ పెట్టెకు పసుపు పెడతా ఉన్నిందా తల్లీ?" అని నన్నే అడిగింది. ఆమే మళ్ళా మొదలుపెట్టింది. "ఆమె పోయిన రోజు మా బావ హోసూరు నుంచి వచ్చి పెట్టె తెరిచినాడు. కాసు లేదు. ఆమెకు చివరి వరకు గంజి పోసింది నేను. పీనుగ వాకిట్లో ఉండగానే నన్ను నిలబెట్టి అడిగినాడు, యాడమ్మినావు అని. నా పుట్టింటి దాకా పోయి వెతికినారు. నా బిడ్డ పెండ్లికి మా బావ గడప తొక్కలేదు, దొంగదాని ఇంట్లో చెయ్యి కడగనన్నాడు. నా మొగుడు కూడా..." అని ఆగింది. "నా మొగుడు కూడా ఒకరోజు తాగి అడిగినాడు, నిజం చెప్పే, తీసినావా అని."

ఆమె చేతులు పట్టుకోబోయినాను. వెనక్కి తీసుకొనింది. ఒకప్పుడు వెన్న చేతి నుంచి నేను నా చెయ్యి తీసుకొన్నట్లే. నా అబద్ధం నా పెట్టెలో మూటకట్టి ఉందనుకొన్నాను నేను. అది ఇన్నేండ్లూ ఈమె నెత్తిన ఉంది. "క్షమించక్కా" అన్నాను, ఆ మాట నాకే తేలిగ్గా వినిపించింది.

గంగక్క లేచింది. కాసును కొంగులో కట్టుకోలేదు, కండ్లకద్దుకోలేదు, నా చేతిలోనే తిరిగి పెట్టింది. "నాకు చెప్తే ఏమి లాభం? నేను తీయలేదని నాకు తెలుసు గదా. రా" అని వీధిలోకి నడిచింది. ఎదురు వరసలో నాలుగో ఇల్లు. వెంకటప్ప హోసూరులో ఇల్లు కట్టలేక, పింఛను తీసుకొని తిరిగొచ్చి, వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. గంగక్క గడప దగ్గర నిలబడింది, పద్దెనిమిదేండ్లుగా దాటని గడప. ఆయన నన్ను ఎగాదిగా చూసి గుర్తు పట్టినాడు. నా చేతిలో కాసు చూసినాడు. "ఏం పాపా, మళ్ళా వెల కట్టేదానికొచ్చినావా?" అన్నాడు.

"లేదన్నా. గంగక్క కాసు తీయలేదు. ఇది ఎప్పుడూ ఈ ఊరికి రాలేదు. నేను ఇయ్యలేదు, ఇచ్చినానని అబద్ధం చెప్పినాను. ఇన్నేండ్లూ నా దగ్గరే ఉంది" అన్నాను. గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. చుట్టుపక్కల వాకిళ్ళలో ఇద్దరు ముగ్గురు లేచి నిలబడి చూస్తావుండారు.

గంగక్క నా పక్కకొచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, నన్ను వీధి పక్కకు తిప్పింది.

"ఇంకోసారి చెప్పు. గట్టిగా చెప్పు. అందరికీ వినపడాల" అనింది.

చెప్పినాను.